హాస్పిటళ్ళ అసోసియేషన్ అంటే ఎవరు, వాళ్ళు ఆపితే మన ఆపరేషన్ ఎందుకు ఆగుతుంది

మా మేనమామది ఆముదాలవలస దగ్గర పల్లె. 2025 అక్టోబర్ రెండో వారంలో కిడ్నీలో రాయికి ఆపరేషన్ చేస్తాం రమ్మని వైజాగ్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్ వాళ్ళు చెప్పారు, ఎన్టీఆర్ వైద్య సేవ (అదే, మన పాత ఆరోగ్యశ్రీ) కార్డు మీదే, చేతి నుంచి రూపాయి పెట్టక్కర్లేదని. పొద్దున్నే ట్రైన్ ఎక్కి అత్తయ్యతో దిగాడు, నేను స్టేషన్‌కి వెళ్ళి తీసుకొచ్చాను. తీరా వెళ్తే, హాస్పిటల్లో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర కూర్చునే బల్ల ఖాళీ, వెనక గోడకి ప్రింట్ తీసిన కాగితం అంటించి ఉంది, అసోసియేషన్ పిలుపు మేరకు వైద్య సేవ కేసులు తీసుకోవట్లేదు అని. మావయ్య ఆ కాగితం రెండుసార్లు చదివాడు, చదివి నన్ను అడిగింది ఒకటే మాట, "ఈ అసోసియేషన్ అంటే ఎవుల్రా, గవర్నమెంటా?"

ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఆయన్ని గవర్నమెంటు పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్ళి ఓపీ చీటీ తీయించి, నొప్పికి మందులు రాయించి సాయంత్రం బండెక్కించాను గానీ ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. తర్వాత కూర్చుని చదివింది, హాస్పిటళ్ళలో పనిచేసే ఫ్రెండ్స్‌ని అడిగి తెలుసుకుంది ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, పాడేరు నుంచి, అటు ఒడిశా కోరాపుట్ నుంచి కూడా వైద్యానికి ఈ ఊరికే వస్తారు, ఆ కాగితం ఎవరికైనా ఎదురవ్వొచ్చు.

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. డాక్టర్ల సంఘం వేరు, హాస్పిటళ్ళ సంఘం వేరు. ఇండియన్ మెడికల్ అసోసియేషన్, అదే ఐఎంఏ, 1928 నుంచి ఉంది, అందులో మెంబర్ డాక్టరు అనే మనిషి. హాస్పిటళ్ళ అసోసియేషన్లో మెంబర్ ఒక సంస్థ, అంటే బెడ్లు, బిల్డింగు, బ్యాంకు లోను, జీతాల లిస్టు ఉన్న ఒక వ్యాపారం. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ విషయంలో పేపర్లో తరచూ కనిపించేది ఏపీ స్పెషాలిటీ హాస్పిటల్స్ అసోసియేషన్, పొట్టిగా 'ఆశా' అంటారు (ఆశా వర్కర్లకీ దీనికీ సంబంధం లేదు, మా అత్తయ్య అలాగే అనుకుంది). దేశం మొత్తానికి అసోసియేషన్ ఆఫ్ హెల్త్‌కేర్ ప్రొవైడర్స్ అని ఇంకోటి ఉంది, పెద్ద కార్పొరేట్లకి నాట్‌హెల్త్ ఉంది. అరిలోవ హెల్త్ సిటీలో ఐదారంతస్తుల హాస్పిటలూ, జగదాంబ వెనక సందులో ముప్ఫై పడకల నర్సింగ్ హోమూ గవర్నమెంటుతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఒకే గొంతుతో మాట్లాడతాయి, ఆ గొంతే అసోసియేషన్.

ఇక డబ్బు దారి. ఇది అర్థం కాకపోతే మిగతాదేదీ అర్థం కాదు, అందుకే కొంచెం నిదానంగా చెప్తా. ఆరోగ్యశ్రీ 2007లో రాజశేఖరరెడ్డి గారి గవర్నమెంటు మొదలుపెట్టింది, మొదట్లో స్టార్ హెల్త్ అనే బీమా కంపెనీ ద్వారా నడిచి తర్వాత గవర్నమెంటు ట్రస్టు చేతికి వచ్చింది. తర్వాత పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, మళ్ళీ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, ఊళ్ళో మాత్రం ఇప్పటికీ అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు. పేషెంట్ రాగానే ఆరోగ్యమిత్ర కార్డు చూసి రిజిస్టర్ చేస్తారు, స్కానింగులు, రిపోర్టులు ఆన్‌లైన్లో పెట్టి హాస్పిటల్ పర్మిషన్ అడుగుతుంది, దాన్నే ప్రీ ఆథ్ అంటారు. ట్రస్టు డాక్టర్లు చూసి ఓకే అంటే ఆపరేషన్. డిశ్చార్జ్ అయ్యాక మళ్ళీ ఫోటోలు, డిశ్చార్జ్ సమ్మరీ, అన్నీ కలిపి క్లెయిమ్ పెడతారు. అది పరిశీలనకి వెళ్తుంది, ఏదైనా కాగితం తక్కువైతే వెనక్కొస్తుంది, కొన్నిటిలో కోత పడుతుంది. పాసైన బిల్లు ఖజానా ఆన్‌లైన్ సిస్టమ్ సీఎఫ్ఎంఎస్‌లో క్యూలో కూర్చుంటుంది. ఆ క్యూలో రోడ్డు కాంట్రాక్టర్ బిల్లు ఉంటుంది, ఇంకా ఎన్నో శాఖల బిల్లులుంటాయి, ఏది ముందు కదలాలి అనేది చివరికి ఆర్థిక శాఖ చేతిలో ఉంటుంది.

అంటే ఆపరేషన్ ఈ రోజు, డబ్బు ఎప్పుడో. ఈ మధ్యలో ఉన్న నెలలన్నీ హాస్పిటల్ గవర్నమెంటుకి వడ్డీ లేకుండా అప్పిచ్చినట్టే. నేను ఈ మాట కావాలనే వాడుతున్నా, ఎందుకంటే బకాయి అనగానే ఏదో లెక్కల గొడవ అనిపిస్తుంది గానీ అప్పు అనుకుంటే అసలు విషయం కనపడుతుంది. స్టెంట్లు, ఇంప్లాంట్లు, మందులు అమ్మే డిస్ట్రిబ్యూటర్ ఏడాది ఆగడు కదా, నర్సు జీతం ఒకటో తారీఖున పడాలి, కరెంటు బిల్లు కట్టాలి. పెద్ద చెయిన్ హాస్పిటల్‌కి క్యాష్ పేషెంట్లు, ఇన్సూరెన్స్ పేషెంట్లు ఉంటారు కాబట్టి తట్టుకుంటుంది, కానీ ఆరోగ్యశ్రీ కేసుల మీదే నడిచే చిన్న హాస్పిటల్ ఓనరు, చాలాసార్లు ఆయనే సర్జన్ కూడా, ఇల్లు తాకట్టు పెట్టుకునే పరిస్థితికి వస్తాడు. ఒక ఫ్రెండ్ వాళ్ళ చిన్న హాస్పిటల్లో ఇలా జరగడం నాకు తెలుసు, అందుకే అసోసియేషన్ వాళ్ళందర్నీ దోపిడీ ముఠా అని కొట్టిపారేసే వాళ్ళతో నేను ఏకీభవించను.

బకాయి ఎంత అనేదే మొదటి పేచీ. 2024 మేలో, ఎలక్షన్ ఓట్లు పడ్డాక లెక్కింపు ఇంకా కాకముందు, 1,500 కోట్ల దాకా రావాలని చెప్పి అసోసియేషన్ సేవలు ఆపింది, అప్పుడున్నది వైఎస్సార్సీపీ గవర్నమెంటు. 2025 ఏప్రిల్ 7 నుంచి మళ్ళీ ఆపారు, ఈసారి 3,500 కోట్లు అన్నారు, అప్పటికి కూటమి గవర్నమెంటు. మళ్ళీ అదే ఏడాది అక్టోబర్ 10 నుంచి, 2,700 కోట్లని. మా మావయ్య దొరికిపోయింది ఈ మూడో దాంట్లో. పార్టీ మారింది, పథకం పేరు మారింది, బకాయి మారలేదు. ఇక అసోసియేషన్ చెప్పే అంకె, గవర్నమెంటు చెప్పే అంకె ఎప్పుడూ ఎందుకు కలవవు అంటే, ఇద్దరూ ఒకే దారిలో వేర్వేరు చోట నిలబడి లెక్కపెడతారు. హాస్పిటల్ డిశ్చార్జ్ చేసిన రోజు నుంచే తనకి రావాల్సిన డబ్బు అంటుంది, గవర్నమెంటు పరిశీలన అయ్యి పాసైన బిల్లునే బకాయి అంటుంది. మధ్యలో పరిశీలనలో ఉన్నవి ఎవరి ఖాతాలో వెయ్యాలి అన్నదాన్ని బట్టి వందల కోట్లు అటూ ఇటూ అవుతాయి. పేపర్లో రెండు అంకెలు చూసి ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్నారు అనుకోనక్కర్లేదు, ఏ దశ వరకు లెక్కపెట్టారో అడగాలి.

రెండో పేచీ ప్యాకేజీ రేటు. ఫలానా ఆపరేషన్‌కి ఇంత అని ఒకటే రేటు, ఐసీయూలో రెండు రోజులు ఎక్కువున్నా అంతే, తక్కువున్నా అంతే. ఈ పద్ధతి పెద్ద ఎత్తున తెచ్చింది అమెరికా, 1983లో, వాళ్ళ వృద్ధుల పథకం మెడికేర్‌లో. అప్పటిదాకా హాస్పిటల్ ఖర్చెంతయితే అంత ఇచ్చేవాళ్ళు, దాంతో ఖర్చు పెంచుకున్న వాడికే లాభం, అందుకని జబ్బుని బట్టి ముందే రేటు కట్టారు. ఐడియా మంచిదే, కానీ ఆ రేటుని సమయానికి సవరించకపోతే మాత్రం చిక్కు. మన దేశంలో కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్ఎస్ రేట్లనే తీసుకోండి, 2014 తర్వాత పెద్ద సవరణ మళ్ళీ 2025 అక్టోబర్లో జరిగింది, పదేళ్ళు దాటిపోయాయి. రాష్ట్ర పథకంలోనూ అసోసియేషన్ డిమాండ్లలో రేట్ల సవరణ ఎప్పుడూ ఉంటుంది. రేటు గిట్టకపోతే హాస్పిటల్ ఏం చేస్తుంది, గిట్టే కేసులు తీసుకుని గిట్టనివి పక్కకి పంపిస్తుంది, బెడ్లు లేవు అంటుంది, లేకపోతే ఈ టెస్టు ప్యాకేజీలోకి రాదు అని పేషెంట్ దగ్గర విడిగా తీసుకుంటుంది. ఈ చివరిది తప్పు, రేటు తక్కువన్న కారణం దానికి సాకు కాదు.

అసోసియేషన్‌కి బలం ఎక్కడ్నుంచి వచ్చిందో ఇప్పుడు చూడండి. 2025 సెప్టెంబర్లో కేబినెట్ యూనివర్సల్ హెల్త్ పాలసీ ఆమోదించినప్పుడు చెప్పిన లెక్కల్లో పథకంలో చేరిన నెట్‌వర్క్ హాస్పిటళ్ళు 2,493, పథకం కింద చేసే చికిత్సలు 3,257. కార్డున్న మనిషికి గుండె ఆపరేషన్ చెయ్యడానికి గవర్నమెంటు దగ్గర ఈ ఉత్తరాంధ్రలో ఉన్న థియేటర్లెన్ని? కేజీహెచ్ 1923 నాటిది, ఇప్పటికీ పాత మూడు జిల్లాల భారం దాని మీదే ఉంది, హనుమంతవాక దగ్గర విమ్స్ 2016లో తెరిచారు, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, ఇవన్నీ కలిపినా వచ్చే జనానికి చాలవు. 2007 నుంచి డబ్బు పథకం ద్వారా ప్రైవేట్ పడకల వైపు వెళ్ళింది కాబట్టి ఆ పడకలు లేకుండా గవర్నమెంటుకి గడవదు, అటు ఆ బిల్లులు లేకుండా చాలా హాస్పిటళ్ళకీ గడవదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఆధారపడి ఉన్నారు, అందుకే ఈ గొడవ ఎప్పుడూ తెగదు, ప్రతిసారీ చర్చలు, కొంత డబ్బు విడుదల, మిగతాదానికి హామీ, విరమణ. 2025 అక్టోబర్ ఆఖర్లోనూ అంతే అయింది.

ఈ ఆట మన దగ్గర పుట్టింది కాదు. అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ 1899లో క్లీవ్‌లాండ్‌లో కొంతమంది హాస్పిటల్ సూపరింటెండెంట్ల మీటింగుతో మొదలైంది. 1929లో డాలస్‌లో బేలర్ హాస్పిటల్ స్కూల్ టీచర్లకి నెలకి 50 సెంట్లు కడితే ఏడాదిలో 21 రోజులు హాస్పిటల్లో ఉంచి చూస్తాం అని ఒక ప్లాన్ పెట్టింది. మాంద్యం వచ్చి పడకలు ఖాళీగా పడున్న కాలంలో మిగతా హాస్పిటళ్ళు కూడా దాన్ని పట్టుకున్నాయి, అసోసియేషన్ వాటికి ప్రమాణాలు పెట్టి గొడుగు పట్టింది, అదే బ్లూ క్రాస్. అంటే బీమా హాస్పిటళ్ళ మీదకి బయటనుంచి వచ్చి పడలేదు, హాస్పిటళ్ళే తమ బిల్లు కట్టే దారి కోసం పెంచుకున్నాయి. 1977లో ప్రెసిడెంట్ కార్టర్ హాస్పిటల్ ఖర్చుల పెరుగుదలకి ఏడాదికి ఇంతకి మించకూడదని పరిమితి పెట్టబోతే, చట్టం వద్దు మేమే స్వచ్ఛందంగా తగ్గించుకుంటాం అని హాస్పిటళ్ళూ డాక్టర్ల సంఘాలూ కలిసి ఉద్యమం లేపాయి, 1979కల్లా ఆ బిల్లు ఓడిపోయింది. 2009లో ఒబామా సంస్కరణ అప్పుడు మాత్రం ఎదురుతిరగలేదు, పదేళ్ళలో 155 బిలియన్ డాలర్ల మేర తమకొచ్చే చెల్లింపులు తగ్గించుకోడానికి వైట్‌హౌస్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారు? కోట్లమందికి కొత్తగా బీమా వస్తే బిల్లు కట్టలేని పేషెంట్లు తగ్గుతారు, అది వాళ్ళకి అంతకన్నా ఎక్కువ లాభం.

అదే అసోసియేషన్, హాస్పిటల్ ఒక్కో బీమా కంపెనీతో మాట్లాడుకున్న రేట్లు బయటపెట్టాలని గవర్నమెంటు రూల్ తెస్తే కోర్టుకెళ్ళింది, 2020లో రెండు కోర్టుల్లోనూ ఓడింది, 2021 జనవరి 1 నుంచి ఆ రూల్ అమల్లోకొచ్చింది. నాకు ఇందులో కనిపించింది ఏంటంటే, డబ్బు ఎక్కువమందికి చేరే సంస్కరణ అయితే హాస్పిటళ్ళ సంఘం పేషెంట్ పక్కన నిలబడుతుంది, ధర బయటపెట్టే సంస్కరణ అయితే అడ్డం నిలబడుతుంది. ఈ తూకం పట్టుకుని మన దగ్గర వార్తలు చదివితే చాలా వరకు సరిపోతుంది.

రాజస్థాన్ చూడండి. 2023 మార్చి 21న అక్కడ అసెంబ్లీ ఆరోగ్య హక్కు బిల్లు పాస్ చేసింది, ఎమర్జెన్సీలో ముందు డబ్బు అడక్కుండా ప్రైవేట్ హాస్పిటల్ కూడా వైద్యం చెయ్యాలని. ప్రైవేట్ డాక్టర్లు, హాస్పిటళ్ళు రోడ్డెక్కారు, రెండు వారాలు ఓపీలు మూతపడ్డాయి, ఎమర్జెన్సీ అంటే ఏది, ఆ ఖర్చు ఎవరిస్తారు అన్నది వాళ్ళ ప్రశ్న, న్యాయమైన ప్రశ్నే. ఏప్రిల్ 4న ఎనిమిది అంశాల ఒప్పందం అయింది, 50 పడకల లోపు ప్రైవేట్ హాస్పిటళ్ళకి మినహాయింపు ఇచ్చారు. ప్రశ్నకి సమాధానం చెప్పాల్సింది పోయి మినహాయింపు ఇచ్చి సర్దేశారు, అది నాకు నచ్చలేదు. అయితే ఎమర్జెన్సీలో వచ్చిన మనిషి ప్రాణం కాపాడ్డం గవర్నమెంటు డాక్టరైనా ప్రైవేట్ డాక్టరైనా బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది, ఏ అసోసియేషన్ పిలుపూ దాన్ని మార్చలేదు. ఇది మీ ఇంట్లో అందరికీ చెప్పండి.

ధరల సంగతి మన దగ్గర ఇంకా మొదట్లోనే ఉంది. హాస్పిటల్లో రేట్లు స్థానిక భాషలో, ఇంగ్లీషులో కనపడేలా పెట్టాలని కేంద్రం 2012 రూల్స్‌లో ఉంది, అయితే ఆ కేంద్ర చట్టం మన రాష్ట్రం తీసుకోలేదు, మనకి 2002 నాటి సొంత చట్టం ఉంది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని గట్టిగానే అడిగింది, రేట్లు ఖరారు చెయ్యండి, చెయ్యకపోతే మధ్యంతరంగా సీజీహెచ్ఎస్ రేట్లు పెట్టే సంగతి మేమే చూస్తాం అని. ఎందుకింత అవసరం అంటే, 2018లో ఔషధ ధరల సంస్థ ఎన్‌పీపీఏ ఢిల్లీ ప్రాంతంలో నాలుగు ప్రైవేట్ హాస్పిటళ్ళ బిల్లులు పరిశీలిస్తే మందులు, సూదులు, సిరంజిల మీద మార్జిన్ 1,737 శాతం దాకా కనపడింది. బిల్లులో డాక్టర్ ఫీజు చూసి మనం బాధపడతాం గానీ అసలు బరువు ఆ చిన్న వస్తువుల లైన్లలో ఉంటుంది. బకాయిల గురించి అంత వివరంగా అంకెలు చెప్పే అసోసియేషన్లు ఈ అంకెల గురించి కూడా అంతే వివరంగా మాట్లాడితే నేను వాళ్ళ పక్కన నిలబడి మాట్లాడతాను.

ఇక ముందు రాబోయేది వేరే ఆట. కేబినెట్ ఆమోదించిన కొత్త విధానంలో 2.5 లక్షల దాకా ఖర్చు బీమా కంపెనీలు చూస్తాయి, ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు చూస్తుంది, 1.63 కోట్ల కుటుంబాలకి. అంటే మన మావయ్యల కిడ్నీ రాయి, హెర్నియా, కాలు విరిగితే ప్లేటు, ఇలాంటి మామూలు కేసులన్నీ బీమా కంపెనీ టేబుల్ మీదకి వెళ్తాయి. ప్రీమియం ముందే కడతారు కాబట్టి బకాయి కొండలా పేరుకోదు అని ఆశ, అది నిజమే కావచ్చు. కానీ హాస్పిటళ్ళకీ బీమా కంపెనీలకీ పొసగదని 2025 ఆగస్టులోనే చూశాం, అసోసియేషన్ ఆఫ్ హెల్త్‌కేర్ ప్రొవైడర్స్ ఉత్తర భారతంలో తన మెంబర్ హాస్పిటళ్ళని బజాజ్ అలియాంజ్ పాలసీలకి సెప్టెంబర్ 1 నుంచి క్యాష్‌లెస్ ఆపమంది, కారణం అదే, రేట్లు సవరించట్లేదు, బిల్లుల్లో కోతలు అని. తర్వాత మాట్లాడుకుని వెనక్కి తీసుకున్నారు. డబ్బున్న పాలసీదారు అయితే జేబులోంచి కట్టి తర్వాత రీయింబర్స్ పెట్టుకుంటాడు. ఆముదాలవలస మనిషికి కట్టడానికి ఏముంది?

అందుకే కొత్త ఒప్పందాల్లో చూడాల్సిన విషయం నాకు ఒకటే కనపడుతోంది. క్లెయిమ్ ఎన్ని రోజుల్లో తేల్చాలి, ఆలస్యమైతే వడ్డీ ఎవరిస్తారు అన్నది రాసుకుంటారు, అది హాస్పిటళ్ళు ఎలాగూ సాధించుకుంటాయి, సాధించుకోవాలి కూడా. దాంతోపాటు, గొడవ ఏదైనా సరే అప్పటికే డేట్ ఇచ్చిన పేషెంట్‌ని ఆపడానికి లేదు అన్న ఒక్క లైను కూడా అందులో ఉండాలి. ఆ లైను అసోసియేషన్ అడగదు, బీమా కంపెనీ అడగదు, ఆర్థిక శాఖ అడగదు. చర్చల బల్ల దగ్గర అధికారులుంటారు, హాస్పిటళ్ళ ప్రతినిధులుంటారు, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తిరిగే వాళ్ళ తరఫున మాత్రం ఎవరూ ఉండరు. వాళ్ళకీ ఒక సంఘం ఉంటే, ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ ఉంటే, ఆ లైను ఎప్పుడో వచ్చేది.

మావయ్యకి నవంబర్లో అదే హాస్పిటల్లో ఆపరేషన్ అయింది, డాక్టరు గారు బాగా చూశారు, రూపాయి తీసుకోలేదు. లోపల స్టెంట్ పెట్టారు, కొన్ని వారాలయ్యాక తీయించుకోడానికి రమ్మన్నారు. ఆ ముందు రోజు రాత్రి ఫోన్ చేసి ట్రైన్ టైమ్ అడక్కుండా, "ఏరా, రేపు తెరిచుంటాదా?" అని అడిగాడు. నేను ఆరోగ్యమిత్రకి ఫోన్ చేసి కనుక్కుని, ఉంటుంది, వచ్చెయ్ మావయ్యా అన్నాక అప్పుడు సంచి సర్దుకున్నాడు.